నలిపి చూడు తల్లీ

తల్లీ,

నీవు పంపిన ఫోటో చూశాను. చాట నిండా ఆరబోసిన ఆకు, పక్కన కొబ్బరినూనె డబ్బా, కడిగి బోర్లించిన సీసాలు. ఎమ్మిగనూరులో కాపురం చేసుకుంటూ, పిల్లల్ని బడికి పంపించి, ఆ కాస్త తీరికలో తలనూనె కాచి నలుగురికీ ఇస్తున్నావంటే నాకు కడుపు నిండినట్టుంది. మీ అవ్వ చేతిపని నీకు అబ్బింది. కానీ ఆ చాటలో ఉన్నది గుంటగలగరాకు కాదమ్మా. గడ్డిచేమంతి. ఫోన్లో చెప్తే పిల్లల గోలలో సగం మాటలు పోతాయి. అందుకే రాస్తున్నా, నిదానంగా చదువుకో.

ఎట్లా తెలిసిందంటే, ఆకు మధ్యలో నాలుగైదు పూలు ఉండిపోయినాయి. జానెడు కాడ, ఆ కాడకు ఒక్క ఆకు కూడా లేదు, కొసన ఒంటిపువ్వు, పువ్వు నడుమ పసుపు. గుంటగలగర ఎన్నడూ అట్లా పూయదు.

ఈ పొరపాటు నీ ఒక్కదానిది కాదులే. ఇప్పుడు ఫోన్లలో వచ్చే వీడియోల్లో గడ్డిచేమంతిని పట్టుకొని ఇదే భృంగరాజం, అంటే గుంటగలగర, అని ధైర్యంగా చెప్పేవాళ్ళు ఎంతమందో. చూసేవాళ్ళు వాకిలి దాటి వీధిలోకి వస్తే చాలు, గోడ వారన ఆ ఆకే కనబడుతుంది. కష్టపడకుండా దొరికింది కదా అని కోసుకుంటారు. రెండూ నేలబారు మొక్కలే. రెంటికీ ఆకులు ఎదురెదురుగా జంటలుగా వస్తాయి. రెంటినీ తాకితే గరుకే. దూరం నుంచి చూస్తే రెంటి పూలూ తెల్లగానే అనిపిస్తాయి. పైగా ఒకే కుటుంబం. మన రేగడిలో వేసే పొద్దుతిరుగుడు, కుసుమ, గుమ్మానికి కట్టే బంతి, జడలో పెట్టే చేమంతి, ఇవన్నీ ఆ కుటుంబమే. లోకం మొత్తం మీద ఇరవై వేల జాతులకు పైనే ఉన్నాయి. అంత పెద్ద ఇంట్లో పోలికలు కలవడం వింత కాదు. ఆ పోలికల్లో ఏది ఏదో తేల్చుకోవడం మాత్రం నూనె కాచేవాళ్ళ బాధ్యత.

ముందు అన్నిటికంటే గట్టి పరీక్ష చెప్తాను. లేత కాడ ఒకటి తుంచి, ఆకుతో సహా అరచేతిలో వేసుకొని బొటనవేలితో బాగా నలుపు. పసరు దిగుతుంది. మొదట అది మామూలు ఆకుపసరే, పచ్చగానే ఉంటుంది. తొందరపడి కడుక్కోవద్దు. గాలి తగలనీ. గుంటగలగర అయితే కొన్ని నిమిషాల్లో ఆ పసరు ముదురు రంగుకు తిరిగి, నీలిమందు కలిసిన నలుపు వస్తుంది. వేళ్ళకు పట్టిన ఆ నలుపు సబ్బుతో కూడా తొందరగా పోదు. గడ్డిచేమంతిని ఎంత నలిపినా ఆ నలుపు రాదు, ఎండిన పచ్చమరకే మిగులుతుంది. పువ్వు లేని కాలంలో, ఆకు ముదిరి రూపు మారినప్పుడు, మేకలు కొరికి మోడు మిగిలినప్పుడు కూడా ఈ పరీక్ష పనికొస్తుంది. కళ్ళజోడు మరిచిపోయిన ముసలివాళ్ళకూ పనికొస్తుంది.

ఆ నలుపు కోసమే మన పెద్దలు ఈ ఆకును అంత దగ్గర పెట్టుకున్నారు. పచ్చబొట్లు పొడిచేవాళ్ళు ఈ పసరునే వాడేవాళ్ళు. మీ అవ్వ కాటుక పట్టేది నీకు గుర్తుందో లేదో. పలుచని గుడ్డను గుంటగలగర రసంలో తడిపి నీడన ఆరేసేది, ఆరినాక మళ్ళీ తడిపేది. ఆ గుడ్డను వత్తి చేసి ఆముదంలో వెలిగించి, పైన ఇత్తడి పళ్ళెం పెట్టి మసి పట్టేది. (చంటిబిడ్డల కళ్ళకు మాత్రం ఇప్పుడు ఏ కాటుకా పెట్టవద్దని డాక్టర్లు చెప్తున్నారు, ఆ మాట విను.) గుంటగలగరాకు పచ్చడి కూడా చేసేది, నూనెలో మగ్గించి, ఎండుమిరపకాయలూ చింతపండూ వేసి. కొంచెం చేదుగా ఉంటుంది గానీ జొన్నరొట్టెలోకి ఎంతో బాగుంటుంది.

ఇక కంటితో పోల్చుకునేది. పువ్వు దగ్గర మొదలుపెట్టు. ఈ కుటుంబంలో మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి ఒక్క పువ్వు కాదు. సన్నసన్న పూలు బోలెడు ఒకే పీఠం మీద గుమిగూడి ఉంటాయి. అంచున రేకు అనుకునేది కూడా ఒక పువ్వే. గడ్డిచేమంతిలో ఈ అంచుపూలు సుమారు ఐదుంటాయి, వెడల్పుగా, లేత మీగడ రంగులో. ఒక్కోదాని కొసన మూడు పళ్ళు చీలి ఉంటాయి, దగ్గరగా చూస్తే చక్కగా కనబడతాయి. నడుమ పూలు పసుపు. గుంటగలగరలో అంచుపూలు చాలా ఉంటాయి గానీ ఒక్కోటి దారప్పోగంత సన్నం. నడుమ కూడా తెలుపే. మొత్తం పువ్వు చిటికెనవేలి గోరు మీద పడుతుంది. పసుపు కనబడిందంటే అది నీకు కావలసిన ఆకు కాదు.

పువ్వు ఎక్కడ పూసిందో చూడు. గడ్డిచేమంతి పువ్వు చెట్టుకు పైన, పొడుగు కాడ మీద గాలికి ఊగుతూ ఉంటుంది. గుంటగలగర పువ్వు ఆకు కాడనే, కణుపు పంగలో పుడుతుంది. ఒకటో రెండో, పొట్టి తొడిమెలతో. ఆకు చూడు. గుంటగలగరాకు సన్నగా పొడుగ్గా ఉండి, తొడిమె లేకుండా నేరుగా కాడకు అతుక్కొని ఉంటుంది. అంచు దాదాపు నున్నన, వేలితో తడిమితేనే చిన్న పళ్ళు తెలుస్తాయి. గడ్డిచేమంతి ఆకు వెడల్పు, దానికి చిన్న తొడిమె ఉంటుంది, అంచు పెద్దపెద్ద పళ్ళతో కోసినట్టుంటుంది, ఒక్కోసారి మూడుగా చీలి కూడా వస్తుంది. కాడ నిండా నూగు.

గింజ ముదిరినాక అసలు అనుమానమే ఉండదు. గడ్డిచేమంతి గింజకు తెల్లని వెంట్రుకల కుచ్చు ఉంటుంది. నోటితో ఊదితే లేచిపోతుంది. అందుకే అది మిద్దెల మీదా, కోట గోడల సందుల్లోనూ, రైలుకట్ట కంకరలోనూ మొలుస్తుంది. గుంటగలగర గింజకు ఆ కుచ్చు లేదు. పచ్చని బల్లపరుపు తల మీద గింజలు ఒత్తుగా పేర్చుకొని ఉండి, ముదిరి నల్లబడి తల్లి కిందనే రాలిపోతాయి, నీళ్ళలో పడితే నీళ్ళ వెంట పోతాయి.

ఈ నీళ్ళ మాట దగ్గర కాసేపు ఆగాలి. మొక్కను చూడకముందే నేలను చూసి సగం చెప్పెయ్యవచ్చు. మన పడమటి కర్నూలు సీమ వాన తక్కువ నేల. ఆదోని చుట్టూ బండలు, రణమండల కొండ, కొండ వారన ఎర్రనేల, దాటితే నల్లరేగడి. ఈ ఎండిన చోట్లన్నీ గడ్డిచేమంతివి. రోడ్డు పక్క, బీడు, చేని గట్టు, బడి ఆవరణ, ఎక్కడ చూసినా అదే. ఏడాది పొడుగునా పూస్తుంది. గుంటగలగర అట్లా కాదు, దానికి కాళ్ళు తడవాలి. వరిమడి గట్టు, పిల్లకాలువ అంచు, చెరువు వెనక నెమ్ము, బోరు కాడ నీళ్ళు నిలిచే గుంట. ఆదోనిలో నేను చిన్నప్పుడు దాన్ని వెతుక్కోవాల్సి వచ్చేది, బావుల కింద తప్ప కనబడేది కాదు. తుంగభద్ర డ్యాము 1953లో పూర్తయి, హొస్పేట నుంచి దిగువ కాలువ మన వైపు వచ్చినాక, అదే మనం ఎల్లెల్సీ అంటాం, కౌతాళం, కోసిగి వైపు వరిమళ్ళు పడినాయి. మళ్ళతో పాటు గుంటగలగరా వచ్చింది. వరి రైతుకు అది కలుపు, తల్లీ. నువ్వు అడిగితే పెరుక్కొని పొమ్మని సంతోషంగా చెప్తాడు. మీకు ఎమ్మిగనూరు నుంచి నాగలదిన్నె వైపు తుంగభద్ర ఒడ్డుకు పోయినా, గోనెగండ్ల కాడ హంద్రి మీద కట్టిన గాజులదిన్నె ప్రాజెక్టు వైపు పోయినా దొరుకుతుంది. కాలువకు నీళ్ళు వదిలిన కొన్ని వారాల తర్వాత పోతే లేతగా, విరివిగా ఉంటుంది. కాలువ కట్టేసినాక ఎండిపోతుంది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం మీ వీధి గోడ పక్కన ఎవరూ నీళ్ళు పొయ్యకుండా పచ్చగా పూసిందంటే, అది గుంటగలగర అయ్యే అవకాశం చాలా తక్కువ.

దొరికిన ప్రతిచోటా కొయ్యవద్దు. ఇది కూడా గట్టిగా చెప్తున్నా. పత్తి మన ఆదోనికి అన్నం పెట్టిన పంట, నేను కాదనను. కానీ పత్తికీ మిరపకీ కొట్టే మందులు ఎన్నో నీకూ తెలుసు. ఆ చేల గట్ల మీద ఆకు వద్దు. గట్టు గడ్డి చావడానికి ఇప్పుడు కలుపుమందు కూడా కొడుతున్నారు. అంచులు పసుపు తిరిగి మాడినట్టున్న మొక్కల జోలికి పోవద్దు. ఊరి మురికికాలువల పక్కన గుంటగలగర బాగా బలిసి పెరుగుతుంది, చూడ్డానికి ఆశపుట్టేట్టు ఉంటుంది. అదీ వద్దు. రైతును అడుగు, ఏం కొట్టినావప్పా, ఎన్నాళ్ళయిందని. చెప్తాడు. లేదంటే ఒక పని చెయ్యి. వేర్లతో రెండు మొక్కలు తెచ్చి, మీ బట్టలుతికే బండ వెనక నెమ్ములో నాటు. సబ్బునీళ్ళు పడకుండా పక్కకు మలుపు. కణుపు నేలకు తాకిన చోటల్లా వేరు దిగుతుంది.

ఇంకో తెల్లపువ్వు గురించి జాగ్రత్త చెప్పాలి. కాలువ గట్ల మీద కాంగ్రెస్ గడ్డి, అదే వయ్యారిభామ, నడుము ఎత్తు పెరిగి ఉంటుంది. అదీ ఈ కుటుంబానిదే. ఆకు సన్నగా చీలికలు పీలికలుగా ఉంటుంది, పూలు చిన్నవి, తెల్లనివి, కొమ్మల కొసల నిండా. 1950ల నడుమ పూనా దగ్గర మొదట కంటబడి, అక్కడినుంచి దేశమంతా పాకింది. దాన్ని ముట్టుకుంటే కొందరికి చర్మం దద్దుర్లు తేలి, పొక్కి, నెలల తరబడి మానదు. పుప్పొడి పీల్చితే ఆయాసం వస్తుంది. వినాయకచవితినాడు మాచిపత్రి అనుకొని దీన్ని పీకి తెచ్చినవాళ్ళను నేను చూశాను. నువ్వు ఆకు కోయడానికి పోతే నిండు చేతుల రవిక వేసుకో, చేతులకు గుడ్డ చుట్టుకో, కోసిన కట్టలో ఇది కలవకుండా ఏరు. పిల్లల్ని వెంట తీసుకపోవద్దు.

పసుపు పూల గుంటగలగర అని ఒకటుంది, నిజమే, దానికీ వైద్యంలో చోటుంది. కానీ ఇప్పుడు ఇళ్ళ ముందు కుండీల్లోనూ పార్కుల్లోనూ నేలను కప్పేసి పసుపుగా పూసేది అమెరికా ఖండం నుంచి అందం కోసం తెచ్చిన వేరే తీగ. దాన్ని నూనెలో వెయ్యవద్దు.

మరి గడ్డిచేమంతి పనికిరానిదా అంటే, ఆ మాట నేను అనను. అది గాయపాకు. కొడవలి కోసుకుంటే పొలంలో వెంటనే దీన్నే నలిపి పిండేవాళ్ళం, నెత్తురు ఆగేది. ఎలుకల మీద చేసిన పరీక్షల్లోనూ పుండు మానడానికి సాయపడుతుందని తేలింది. (ఇనుము కోసుకున్నప్పుడు పసరుతో ఆగిపోకుండా ధనుర్వాతం సూది వేయించుకోవాలి.) మేం చదువుకునేటప్పుడు ఈ ఆకూ బొగ్గూ కలిపి పలక రుద్దితే అక్షరం ముత్యంలా పడేది, అందుకే కొన్నిచోట్ల పలకాకు అంటారు. దాని పువ్వు మీద వాలే సీతాకోకచిలుకలు ఇన్నీ అన్నీ కావు. ఎండిన మన నేలలో వాటికి ఏడాదంతా తేనె పెట్టేది ఇదే. కాబట్టి వాకిట్లో ఉంటే పెరికెయ్యకు.

కానీ తలనూనెకు పేరున్న ఆకు అది కాదు. ఇది ఎందుకు అంత పట్టుదలగా చెప్తున్నానో విను. గడ్డిచేమంతి పుట్టిల్లు మెక్సికో, దానికి దిగువనున్న దేశాలు. ఓడల కాలంలో అక్కడినుంచి లోకమంతా వ్యాపించింది. అమెరికా ప్రభుత్వం దాన్ని రానియ్యకూడని కలుపుల జాబితాలోనే పెట్టింది. అంటే చరకుడి కాలంలో ఆ మొక్క మన నేల మీద లేదు. చరకసంహితలో భృంగరాజానికి చెప్పిన గుణాలు దానికి ఎట్లా వర్తిస్తాయి? ఈనాటి భారత ఆయుర్వేద ఫార్మకోపియా భృంగరాజం అంటే ఎక్లిప్టా ఆల్బా అని, సమూలంగా వాడాలని రాసింది. అదే మన గుంటగలగర. పక్కనున్న కన్నడ పల్లెల్లో గరుగ అనేదీ, తమిళులు కరిసలాంకణ్ణి అనేదీ అదే. వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753లో అచ్చువేసిన పుస్తకంలోనే ఈ రెంటినీ వేర్వేరు జాతులుగా విడదీసి పేర్లు పెట్టాడు. మనం మళ్ళీ కలిపెయ్యడం దేనికి?

అసలు ఆకు వేసినా సరే, లేనిపోని మాటలు చెప్పి అమ్మవద్దు తల్లీ. ఎలుకల మీద చేసిన పరీక్షల్లో గుంటగలగర సారం పూసినచోట వెంట్రుకలు తొందరగా వచ్చినాయి, అది నిజం. మనుషుల మీద అంత గట్టి పరీక్షలు చాలా తక్కువ. నెరిసిన వెంట్రుకను వేరు నుంచి నల్లగా మారుస్తుందని చెప్పకు. బట్టతల మీద మొలిపిస్తుందని చెప్పకు. తలకు చల్లగా ఉంటుంది, మా ఇంట్లో తరతరాలుగా వాడుతున్నాం అని చెప్పు, అది సత్యం, దానికే కొనేవాళ్ళు కొంటారు. ఎవరైనా కామెర్లకు గుంటగలగర రసం తాగించవచ్చా అని అడిగితే, నువ్వు రసం పిండి ఇవ్వవద్దు. కళ్ళు పచ్చబడితే పెద్దాసుపత్రికి పోయి నెత్తురు పరీక్ష చేయించుకోవాలి. ఏ కామెర్లో తెలియకుండా ఇంట్లో రోజులు గడిపితే ప్రాణం మీదికి వస్తుంది.

నువ్వు ఉంటున్న ఊరు నేతగాళ్ళ ఊరు. 1938లో మాచాని సోమప్ప గారు అక్కడ చేనేత సహకార సంఘం నిలబెట్టినారు, 1954లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చినారు. ఆ ఊరి గుడ్డను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి, నూలు తడిమి కొనే మనుషులు నీ చుట్టూ ఉన్నారు. గుడ్డను అట్లా తడమొచ్చు. నూనెను తడమలేరు. ఆకు ఏది వేసినా నూనె పచ్చగానే దిగుతుంది, రంగు చూసి ఎవరూ పట్టుకోలేరు. పొడి చేస్తే ఇంకా కష్టం, బజారులో పొట్లాల్లో దొరికే పొడి ఏ మొక్కదో నేను కూడా చెప్పలేను. నీ దగ్గర కొనేవాళ్ళు నీ చేతిని నమ్మి కొంటారు, వాళ్ళకు ఇంకో ఆధారం లేదు. అందుకని ఇప్పటిదాకా ఇచ్చిన సీసాలవాళ్ళకు ఒక మాట చెప్పు. ఆకు మారింది, హాని ఏమీ జరగలేదు గానీ ఇది నేను చెప్పిన ఆకు కాదు, కావాలంటే డబ్బులు తిరిగిస్తాను అని. సిగ్గుపడే పని కాదు. చెప్పిన తర్వాత నీ దగ్గరికి వచ్చేవాళ్ళు తగ్గరు, నా మాట నమ్ము.

కాచేటప్పుడు రెండు సంగతులు. ఆకును నీటితో బాగా కడిగి, నీళ్ళు వోడ్చి, దంచి రసం తీసి నూనెలో పొయ్యి. సన్నని సెగ మీద తేమంతా పోయేదాకా కాచాలి. పొంగు, చిటపట ఆగాలి. అడుగున మిగిలిన మడ్డిని వేళ్ళ మధ్య నలిపితే వత్తిలా చుట్టుకోవాలి. ఆ మడ్డిని దీపానికి చూపిస్తే చిటచిట లేకుండా కాలాలి. తేమ మిగిలితే నూనె వాసన కొట్టి బూజు పడుతుంది. మన పెద్దలు నువ్వులనూనెలో కాచేవాళ్ళు. నీకు కొబ్బరినూనె అలవాటైతే కొబ్బరినూనెలోనే కాయి, తప్పు లేదు. కొత్తవాళ్ళకు ఇచ్చేటప్పుడు ముందు మోచేతి మడతలో చుక్క పూసి, రెండురోజులు చూడమని చెప్పు. కాంగ్రెస్ గడ్డి పడనివాళ్ళకు ఈ కుటుంబంలో వేరే ఆకులు కూడా పడకపోవచ్చు.

కోత రోజు పొద్దున్నే, మంచు ఆరినాక పో. మొక్కను వేర్లతో పెరకవద్దు, నేల మీద నాలుగు వేళ్ళ మోడు వదిలి కొయ్యి, తడి ఉంటే మళ్ళీ చిగురిస్తుంది. పువ్వున్న కొమ్మలే ఎంచుకో. ప్రతి పిడికిట్లోంచీ ఒక కాడ తీసి నలుపు, నల్లబడితేనే సంచిలో వెయ్యి. ఆ నలుపు అంటుకున్న నీ వేళ్ళు ఫోటో తీసి నాకు పంపు.